లోకల్ కాల్‌కు ఎస్టీడీ లెక్క

ఇంటర్నెట్ కావాలంటే కంప్యూటరు చేత ఫోను చేయించాల్సిన రోజులు మీలో చాలామంది చూసి ఉండరు. మోడెం అనే చిన్న డబ్బాను టెలిఫోను తీగకు తగిలించేవారు. అది నంబరు తిప్పి, కీచుమని అరిచి, కాసేపు గరగరలాడి, ఎక్కడో దూరాన ఉన్న ఇంకో మెషీన్‌తో మాట కలిపేది. ఆ మాట తెగేదాకా ఫోను మీటరు తిరుగుతూనే ఉండేది. ఇంటర్నెట్‌కు ఒక డబ్బు, ఫోనుకు ఇంకో డబ్బు. నేను టెలిఫోను శాఖలో ఆ మీటర్ల వైపు పనిచేశాను.

మాది సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లి. సెంటు భూమి లేని ఇల్లు. అమ్మ కూలికి పోయేది, నాన్న సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. వాటి చప్పుడులో పెరిగినందుకు నాకు గొంతెత్తి మాట్లాడే అలవాటు. ట్రంకు కాల్స్ కలిపే ఆపరేటరుగా చేరినప్పుడు ఆ గొంతు బాగా పనికొచ్చింది. తర్వాత శాఖ పరీక్ష రాసి జూనియర్ ఇంజినీరునయ్యాను. ఆఫీసుల్లో మాత్రం అదే గొంతుకు నేను పొగరుబోతునన్న పేరొచ్చింది.

తెలంగాణ ఉద్యమం మళ్లీ రాజుకుంటున్న తొలి సంవత్సరాలవి. ఊళ్లలో మైకులు కట్టిన జీపులు తిరిగేవి, డప్పుల మీద పాటలు సాగేవి, ఏ రోజు ఎక్కడ బంద్ అంటారో తెలిసేది కాదు. నేను కోరుట్లలో కాపురముండి, జగిత్యాలకూ కోరుట్లకూ నడుమ పల్లెల్లో ఉన్న చిన్న టెలిఫోను ఎక్స్‌ఛేంజీలను చూసేదాన్ని. ఈ సంగతి జరిగిన ఊరి పేరు రాయను. రోడ్డు దిగి కొంత లోపలికి పోవాలి. మక్క చేన్లు, పసుపు తోటలు. ఇంటికొక మగమనిషి గల్ఫ్‌లో ఉండేవాడంటే పెద్ద అబద్ధం కాదు.

ఒకరోజు ఒక అమ్మాయి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. తండ్రి కల్లు గీయడానికి తాళ్లెక్కేవాడు. ఒకసారి తాటిచెట్టు మీదినుంచి పడ్డాక మళ్లీ ఎక్కలేకపోయాడు. ఆ అమ్మాయి జగిత్యాలలో డిగ్రీ చదివి, కంప్యూటరు నేర్చుకుని, బ్యాంకు అప్పుతో ఊళ్లో నెట్ సెంటరు పెట్టింది. వచ్చేదంతా ఆడవాళ్లే. దుబాయిలో, మస్కట్‌లో ఉన్న భర్తలతో, కొడుకులతో కంప్యూటరులో మాట్లాడుకునేవారు. ఫోను బూత్‌లో ఐఎస్‌డీ, అంటే విదేశాలకు కాల్, చేస్తే పలకరింపులు అయ్యేసరికే చేతిలో డబ్బు అయిపోయేది. కంప్యూటరులో మాట ఆగి ఆగి వచ్చేది, ఇక్కడ అడిగినదానికి అక్కడినుంచి జవాబు వచ్చేలోగా ఇంకో ప్రశ్న అడిగేసేవారు. అయినా మనసు తీరా మాట్లాడుకోవచ్చని వచ్చేవారు.

"మేడం, ఇంటర్నెట్‌కు చేసే ఫోను యాడికి చేసినా లోకల్ లెక్కనే అని గవర్నమెంటు చెప్పింది గదా. పేపర్ల సుత అచ్చింది. మరి నాకు గింత బిల్లెట్ల అచ్చింది?" అంది ఆ అమ్మాయి.

దూరపు ఊళ్లకు చేసే, రేటు ఎక్కువ పడే కాల్‌ను ఎస్టీడీ అనేవాళ్లం. అందరూ అడిగే ప్రశ్నే గనుక అందరికీ చెప్పే జవాబే చెప్పాను. "మీ ఇంట్ల ఎవరన్న ఎస్టీడీ చేసిన్రేమో చూసుకో."

"ఎస్టీడీకి తాళం ఏపిచ్చిన మేడం. మీ ఆఫీసోళ్లే ఏసిన్రు. ఎవ్వలు జేస్తరు?"

అప్పుడు తల ఎత్తి ఆమెను సరిగ్గా చూశాను. కోపంగా లేదు, ఏడుపూ లేదు. జవాబు తీసుకునే పోదామని వచ్చినట్టు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. అంతకుముందు బిల్లు కష్టపడి కట్టిందట. ఇది కట్టలేక ఆపితే లైను తీసేశారు. ఇక కొద్దిరోజుల్లో కట్టకపోతే కనెక్షనే రద్దని నోటీసిచ్చారు. కనెక్షన్ పోతే సెంటరు పోతుంది, అప్పు మిగులుతుంది.

ఆనాటి బిల్లు మీద మొత్తం ఎన్ని యూనిట్లో ఉండేది గాని, ఏ కాల్‌కు ఎన్ని పడ్డాయో ఉండేది కాదు. కాబట్టి నేనే ఆ ఊరి ఎక్స్‌ఛేంజీకి పోయి, పరీక్షల కోసం ఉంచిన ఫోను నుంచి ఇంటర్నెట్ నంబరు తిప్పి మీటరు ముందు కూర్చున్నాను. లోకల్ కాల్ అయితే ఒక యూనిట్ పడ్డాక తీరికగా చాయ తాగి రావచ్చు, అప్పటికి గాని రెండోది పడదు. నేను చూస్తుండగానే అంకెలు ఒకదాని వెనుక ఒకటి మారిపోతున్నాయి. మా చిన్న ఎక్స్‌ఛేంజీ ఆ కాల్‌ను హైదరాబాదుకు పంపేది. పంపడం సరైనదే. కాని ఆ నంబరుకు లోకల్ రేటు వేయమని మెషీన్‌లో ఎవరూ చెప్పలేదు. చెప్పలేదు గనుక అది హైదరాబాదు ఎస్టీడీ రేటు వేసుకుంటూ పోయింది. కొత్త మెషీన్ బిగించే హడావుడిలో ఎవరో మెషీన్‌లో ఎక్కించాల్సిన ఒక్క వరుస మరిచారు. అంతే. ఆ మరుపుకు ఊరంతా బిల్లు కడుతోంది.

రేట్లు మార్చాలంటే పైఆఫీసు అనుమతి కావాలి. అది మంచి నియమమే. లేకపోతే ఎవరికి నచ్చిన రేటు వాళ్లు పెట్టుకుంటారు. మా డివిజన్ ఆఫీసరు దగ్గరికి పోయాను. గోదావరి జిల్లా మనిషి. మెత్తనివాడు, ఎవరినీ పరుషంగా ఒక మాట అనేవాడు కాదు. కాని ఆడిట్ అన్నమాట వింటే ఆయనకు నిద్ర పట్టదు.

"చూడమ్మా, ఆ అమ్మాయి ఎక్కువ వాడింది, బిల్లు ఎక్కువ వచ్చింది. మీటరు అబద్ధం చెప్పదు" అన్నారు.

"వాడింది నిజమే సార్. రేటు తప్పు."

ఆయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించారు. "ఈ నెట్ సెంటర్లు మన ఐఎస్‌డీని తినేస్తున్నాయి. గల్ఫ్ కాల్స్ అన్నీ అటే పోతున్నాయి. మన కొమ్మ మనమే నరుక్కోమంటారా?"

"కంప్యూటర్ల మాట్లాడొచ్చని గవర్నమెంటే ఒప్పుకున్నది సార్. దానికి ఫోను లోకల్ రేటని కూడ గవర్నమెంటే చెప్పింది. రెండు చెప్పినంక మనం దొంగచాటుగ ఎక్కువ తీసుకునుడేంది?"

దొంగచాటు అన్న మాట ఆయనకు గుచ్చుకుంది. కాసేపు ఫైళ్లు సర్దారు. చివరికి, "నా కళ్లతో చూస్తే గాని రాయను. నిజం కంప్యూటరుతో చేసి చూపించండి. ఇంకో ఎక్స్‌ఛేంజీలో లెక్క ఎలా ఉందో అదీ చూపించండి" అని ఒక తేదీ ఇచ్చారు. అప్పటికే ఆయనకు బదిలీ ఉత్తర్వులు వచ్చాయి. ఆ తేదీ మర్నాడే రిలీవ్ అవుతున్నారు. కొత్తవారు వచ్చి, అంతా మొదటినుంచి విని, నమ్మేసరికి ఆ అమ్మాయి కనెక్షన్ ఉండదు.

ఆ ఇంకో ఎక్స్‌ఛేంజీ కోసం సిరిసిల్ల పోయాను. అక్కడి ఇంజినీరు నాతోపాటే పరీక్ష రాసి పాసైనవాడు, నన్ను అక్కా అని పిలిచేవాడు. అతని దగ్గర మీటరు చూస్తే లోకల్ లెక్క చక్కగా పడుతోంది. అంతా విని అతను నవ్వాడు.

"గీదానికి ఇంత తిరుగుడెందుకే అక్కా? మెషీన్ నీ చేతుల్నే ఉండె. గా వరుస నువ్వే ఎక్కియ్యి. ఎవ్వనికి తెల్వది. రేపటి సంది లెక్క సక్కగైతది, పీడ పోతది."

"మరి నిన్నటి దాంక కట్టిన బిల్లులు?"

"అవి కట్టుకున్నోళ్ల ఖర్మ."

"నేను సప్పుడు జెయ్యకుంట సరిజేస్తే, తప్పు జరిగినట్టు ఆనవాలే ఉండది తమ్మీ. అప్పుడు గా పిల్ల కట్టాల్సిందే అంటరు. తప్పున్నప్పుడే సార్‌కు సూపెట్టాలె."

అతను నన్ను వింతగా చూశాడు. అయినా చెప్పిన రోజు, చెప్పిన సమయానికి సిరిసిల్లలో మీటరు ముందు కూర్చుని ఫోను ఎత్తుతానని మాటిచ్చాడు. ఉద్యోగంలో సలహాలిచ్చేవాళ్లు చాలామంది దొరికారు గాని, ఒప్పుకోకపోయినా సాయం చేసినవాడు ఇతనే గుర్తున్నాడు.

సరిగ్గా ఆ రోజుకే బంద్ పిలుపు వచ్చింది.

నేను ముందురోజు సాయంత్రమే ఆ ఊరికి చేరుకుని ఆ అమ్మాయి ఇంట్లో పడుకున్నాను. ఆఫీసరు తెల్లారగానే జీపులో బయలుదేరారు. బంద్ వేడెక్కేలోపు వచ్చి పోవచ్చనుకున్నారు. ఆ రోజుల్లో ఉద్యమం ఆయనకంటే ముందే నిద్రలేచేది. ఆ ఊరి దారి మెయిన్‌రోడ్డులో కలిసేచోట జనం బైఠాయించి జీపు ఆపేశారు. ఆయన పక్కనున్న కిరాణా కొట్టు ఫోను నుంచి ఎక్స్‌ఛేంజీకి ఫోను చేశారు.

"వెనక్కి వెళ్లిపోతున్నానమ్మా. ఏమీ అనుకోవద్దు. పరిస్థితి మీరూ చూస్తున్నారు కదా."

"పోకండి సార్. నేను వస్తున్న" అని పెట్టేశాను.

ఆ అమ్మాయికి మోపెడ్ ఉంది. వెనుక కూర్చుని పోయాను. రోడ్డు మీద టార్పాలిన్లు పరుచుకుని జనం కూర్చున్నారు. ఒకపక్క రాళ్ల పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. జీపులో ఆఫీసరు సీటు అంచున, దిగడానికో పారిపోవడానికో తేలనట్టు కూర్చుని ఉన్నారు. ముందు వరుసలో ఉన్నాయన ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పే లెక్చరరు. నన్ను చూసి లేచాడు.

"మేడం, మీదేవూరు?"

"తంగళ్ళపల్లి."

"మనోళ్లయ్యుండి బంద్ నాడు గవర్నమెంటు జీపు ఇడువుమని అడుగుతున్నరా?"

"జీపు ఇడువుమంటలేను. జీపు గీడనే ఉంటది. సార్‌ను నడిపిచ్చుకపోత. మనుషులు నడిచిపోవద్దని మీ బంద్‌ల ఉన్నదా?"

అతను జవాబు చెప్పబోయాడు. వెనుకనుంచి ఇంకెవరో, "గా సారు ఆంధ్రాయన గాదా?" అన్నారు. జనంలో చిన్న కలకలం మొదలైంది. అప్పుడు మధ్యలో కూర్చున్న ఒకామె కొంగు నడుముకు చుట్టుకుంటూ లేచింది. బీడీలు చుట్టే మనిషి, భర్త మస్కట్‌లో. నెట్ సెంటరుకు వచ్చే ఆడవాళ్లలో ఒకరు.

"ఏం పనికస్తున్నడు పిల్లా, గా సారు?" అని నెట్ సెంటరు అమ్మాయిని అడిగింది.

"లోకల్ ఫోనుకు ఎస్టీడీ పైసలు గుంజుతున్నరు గదా వదినె. అది కండ్లతోని సూశి రాశిస్తనన్నడు. రేపు పోతడట. ఇయ్యాల్లనే కావాలె."

ఆమె లెక్చరరు వైపు తిరిగింది. "మనం అడిగేది న్యాయమే గదనే అన్నా. గిది సుత న్యాయమే. నడిచిపోనియ్యి."

లెక్చరరు జీపు దగ్గరికి పోయి తలుపు తీశాడు. "దిగున్రి సార్. మీ జీపుకు ఏం గాదు, నాది పూచీ. మా ఆడోళ్ల ఫోను పని చేసిపోన్రి" అన్నాడు. ఎవరో మజ్జిగ గ్లాసు అందించారు. ఆఫీసరు గుటుక్కున తాగి, గ్లాసు ఎవరికివ్వాలో తెలియక చాలాసేపు చేతిలోనే పట్టుకున్నారు.

ఆ అమ్మాయి కంప్యూటరు సిద్ధం చేయడానికి మోపెడ్ మీద ముందు పోయింది. మేమిద్దరం చేన్ల పక్కన నడిచాం. ఎండ అప్పటికే కాస్తోంది. ఆయన బూట్లు దుమ్ముకొట్టుకుపోయాయి. సగం దారిలో నెమ్మదిగా అడిగారు.

"ఇదంతా తేలితే, ఆంధ్రా ఆఫీసరు ఉండి దోచాడంటారు కదమ్మా?"

నేను ఆయన్ను అప్పటిదాకా ఆడిట్‌కు భయపడే మనిషనే అనుకున్నాను. ఈ భయం ఇంకొకటి ఉందని నాకు తట్టలేదు. "మరిచింది ఎవరైనా, సరిచేసింది మీరని నేను చెప్త సార్. ఎవరడిగినా చెప్త" అన్నాను. ఆయన తల ఊపి నడక కొంచెం పెంచారు.

ఊళ్లో ఇంకో తమాషా జరిగింది. ఆ అమ్మాయి లైను తీసేశారు గనుక కంప్యూటరునే ఎక్స్‌ఛేంజీకి తేవాలి, బంద్ గనుక ఆటోలు లేవు. ఆ కాలం మానిటరు అంటే చిన్న పిల్లంత బరువు. ఇద్దరు ఆడవాళ్లు దాన్ని దుప్పటిలో చుట్టి, చెరో కొస పట్టుకుని ఎక్స్‌ఛేంజీకి మోసుకొచ్చారు. వాళ్ల వెనుక ఇంకొందరు. మేం పోయేసరికి తలుపు దగ్గర గుమిగూడి ఉన్నారు. బయటివాళ్లను లోపలికి రానివ్వకూడదు. ఆఫీసరు నా వంక చూశారు. నేను చెప్పులు విడిచి రమ్మని మాత్రం వాళ్లకు చెప్పాను.

పరీక్ష ఫోను తీగకు మోడెం తగిలించాం. అది నంబరు తిప్పి, ఎప్పటిలాగే కీచుమంది. కలిసింది. ఆఫీసరు మీటరు మీదికి వంగారు. అంకెలు మారుతున్నాయి. ఆయన గడియారం చూశారు, మీటరు చూశారు, కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. రెండో ఫోనులో సిరిసిల్ల తమ్ముడు లైనులోకి వచ్చాడు. అతనూ అదే నంబరు తిప్పి పెట్టుకున్నాడు. ఆఫీసరే రిసీవరు తీసుకుని అడిగారు.

"అక్కడ ఎంత పడింది?"

"ఒక్కటే సార్. అప్పుడు పడ్డదే, ఇంకోటి పడలే."

ఇక్కడ అప్పటికే ఎన్నో పడ్డాయి. ఆఫీసరు కాల్ కోసేసి మళ్లీ చేయమన్నారు. చేశాం. మళ్లీ అంతే. ఆయన రిసీవరు పెట్టేశారు.

"సరే. సరిచేసేయండి" అన్నారు.

"ముందు మీరు రాయండి సార్. తర్వాత సరిజేస్త."

"నా మాట మీద నమ్మకం లేదా?" ఆయన గొంతు పెరగడం అదే మొదటిసారి విన్నాను.

"ఉంది సార్. కాని రేపు మీరు వెళ్లిపోతారు. మీ మాట మీతోనే పోతది. రాసింది ఇక్కడుంటది."

ఆయన తలచుకుంటే పోయేముందు నా మీద ఒక్క ముక్క రాసి పోవచ్చు. అయినా కుర్చీలో కూర్చుని కాగితం అడిగారు. ఏం చూశారో, ఎలా చూశారో, మెషీన్ బిగించిన నాటినుంచి ఈ రేటు తప్పుగా పడుతోందని, పాత బిల్లులన్నీ తిరిగి లెక్క కట్టాలని రాసి సంతకం పెట్టారు. నేను అడగనిది కూడా ఒకటి రాశారు. డివిజన్‌లోని చిన్న ఎక్స్‌ఛేంజీలన్నిటినీ ఇలాగే పరీక్షించాలని.

అప్పుడు నేను ఆ వరుస ఎక్కించాను. మళ్లీ నంబరు తిప్పాం. మీటరు ఒకసారి కదిలి నిలబడిపోయింది. మానిటరు మోసుకొచ్చినవాళ్లలో ఒకామె మెల్లగా, "ఖరాబైందా మేడం?" అని అడిగింది. "లేదు. గిదే దాని అసలు నడక" అన్నాను.

సాయంత్రం రాస్తారోకో ఎత్తేశాక ఆయన జీపు పోయింది. అంతకుముందు రోడ్డు మీదే వాళ్లతోపాటు విస్తరి ముందు కూర్చుని తిన్నారని తర్వాత తెలిసింది. ఆయన్ను నేను మళ్లీ చూడలేదు.

ఆ అమ్మాయి లైను వెంటనే ఇచ్చేశారు. పాత బిల్లుల సంగతి మాత్రం చాలాకాలం నడిచింది. అకౌంట్సు వాళ్లు అడిగిన ప్రశ్నలే మళ్లీ అడిగారు. బంద్ నాడు బయటివారిని ఎక్స్‌ఛేంజీలోకి ఎందుకు రానిచ్చారో చెప్పమని నాకు సంజాయిషీ నోటీసు కూడా వచ్చింది. కంప్యూటరు తనంతట తాను నడిచి రాలేదు గనుక అని జవాబు రాశాను. దాని మీద నా ప్రమోషన్ కొంత వెనక్కి పోయింది. అడిగినవాళ్లకు అడిగినన్నిసార్లు జవాబు పంపాను. చివరికి ఆ ఎక్స్‌ఛేంజీ కింద ఇంటర్నెట్ వాడిన అందరి బిల్లులూ తిరిగి లెక్క కట్టారు.

ఆ కబురు చెప్పడానికి నేనే నెట్ సెంటరుకు పోయాను. ఆ అమ్మాయి విని తండ్రి వైపు చూసింది. ఆయన లేవలేక కూర్చున్నచోటినుంచే రెండు చేతులూ జోడించాడు. లోపల ఆనాడు రోడ్డు మీద మా కోసం లేచి నిలబడిన బీడీల ఆమె ఉంది. భర్తతో మాట్లాడడం అప్పుడే అయినట్టుంది, చెవులకు పెట్టుకునేది ఇంకా మెడలోనే ఉంది.

"వదినె, ఎక్కువ తీసుకున్న పైసలు వాపసు ఇస్తున్నరట. నీకాడ ఎక్కువ తీసుకున్నయి నేను నీకిస్త" అంది ఆ అమ్మాయి ఆమెతో.

ఆమె సంతోషంగానే నవ్వింది. తర్వాత నా వైపు తిరిగి, నిష్ఠూరం ఏమీ లేకుండా, తెలుసుకుందామన్నట్టే అడిగింది.

"పైసలిస్తరు, మంచిదే మేడం. బిల్లయితదని భయపడి మాట్లాడకుంట ఇడిచిపెట్టిన మాటలున్నయి గదా. మా అత్త సచ్చిపోయిన్నాడు సుత మా ఆయనకు రెండు ముక్కలే జెప్పి పెట్టేసిన. అయ్యెట్లిస్తరు?"

"అవి ఇయ్యలేమమ్మా" అన్నాను. ఆమె తల ఊపింది, ఆ సంగతి తనకు ముందే తెలుసన్నట్టు.

ఆఫీసరు రాసి పోయిన చిన్న ఎక్స్‌ఛేంజీల పరీక్ష అప్పటికి ఇంకా సగంలోనే ఉంది. కొత్త ఆఫీసరు తొందరేమీ లేదన్నారు, వీలున్నప్పుడు చూడమన్నారు. మర్నాడు మళ్లీ ఏదో బంద్ అని కోరుట్ల బస్టాండులో చెప్పుకుంటున్నారు. నేను ఇంటికి పోలేదు. మోడెం సంచిలో పెట్టుకుని, ఆ సాయంత్రం దొరికిన చివరి బస్సులో, ఎక్స్‌ఛేంజీని ఇంకా పరీక్షించని మల్లాపూర్ పోయాను.